కొత్త వైరింగా, పాత ఎర్తా?

ఇద్దరూ దగ్గరి బంధువులే, అభిప్రాయాలు మాత్రం కలవవు. మేనల్లుడు డాలస్ శివార్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పికప్ ట్రక్కు కొన్నాడు, దానికి తగిలించుకోడానికి చిన్న పాత ట్రైలర్ కూడా కొన్నాడు. మేనమామ రాజమండ్రిలో ఆర్టీసీ డిపో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు, పిల్లల్ని చూడ్డానికి వచ్చాడు. వినాయక చవితి పందిరి సామాను ట్రైలర్ మీద తేవాలి. లైట్లు చూస్తే ఎడమది మొరాయిస్తోంది. పార్కింగ్ లైట్లు వేస్తే మసకగా వెలుగుతుంది, బ్రేకు తొక్కగానే ఆరిపోతుంది. కుడిది శుభ్రంగా ఉంది. మొత్తం మార్చేద్దామని ఒకరు, వెతికి చూద్దామని ఇంకొకరు.

మేనల్లుడు: ఇందులో ఆలోచించడానికేముంది మావయ్యా? నాలుగు రంగుల వైరు, రెండు ఎల్ఈడీ లైట్లు, క్లిప్పులు, అన్నీ ఒకే పెట్టెలో దొరుకుతాయి. శనివారం పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి అయిపోతుంది. పాతదాంట్లో తప్పు వెతుకుతూ కూచుంటే పండగ దాటిపోతుంది.

మేనమామ: తప్పు ట్రైలర్‌లోనే ఉందని నీకెవరు చెప్పారు?

మేనల్లుడు: ట్రక్కు లైట్లు బాగానే వెలుగుతున్నాయిగా.

మేనమామ: దానివల్ల ట్రక్కు లైట్లు బాగున్నాయని తెలిసింది, అంతే. బంపర్ కిందున్న సాకెట్ దాకా కరెంటు సరిగ్గా వస్తోందని ఎక్కడ తెలిసింది? ట్రైలర్‌కి ఫ్యూజులు వేరే ఉంటాయని మొన్న నువ్వే ఫ్యూజు బాక్సు మూత తీసి చూపించావు. సాకెట్‌లో చిలుము పట్టి ఉండొచ్చు. మధ్యలో పెట్టిన అడాప్టరు పోయి ఉండొచ్చు. జబ్బు బండిలో ఉంటే ట్రైలర్‌కి కొత్త వైరింగ్ వేసి ఏం లాభం? ముందు ఏ పక్కన ఉందో తేల్చు. ఇలా తే, నా టెస్ట్ ల్యాంపు.

మేనల్లుడు: వద్దు మావయ్యా, దాన్ని ట్రక్కు దగ్గరికి తీసుకురాకు. నువ్వు వైరు గీకి బాడీకి తాకించి, నిప్పురవ్వ వస్తే కరెంటుందని చెప్పే రకానివి.

మేనమామ: ముప్ఫై ఏళ్లు అలాగే చేశాం. ఒక్క బస్సు తగలబడలేదు.

మేనల్లుడు: మీ బస్సులో బ్రేకు తొక్కితే స్విచ్చి మూసుకుని కరెంటు నేరుగా బల్బుకి పోయేది. ఇప్పుడు అలా లేదు. పెడల్ తొక్కితే ఆ కబురు ముందు కంప్యూటరుకి పోతుంది. లైటు వెలిగించాలని అది నిర్ణయించి, ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చిని ఆన్ చేస్తుంది. షార్ట్ అయితే సప్లై ఆపేసి, డ్యాష్‌బోర్డు మీద ట్రైలర్ వైరింగ్‌లో లోపం ఉందని రాస్తుంది. అదృష్టం బాగుంటే అంతటితో సరి. బాగోకపోతే లైట్లు నడిపే ఆ కంప్యూటర్ మాడ్యూలే పోతుంది. కొత్తది తెచ్చి బిగించినా డీలరు దగ్గర ప్రోగ్రామ్ చేయించాలి. నీ నిప్పురవ్వ ఖరీదు అది.

మేనమామ: సరే, నిప్పురవ్వలు మానేశాను. నువ్వన్నదీ నిజమే, నేను నేర్చుకున్న బండి వేరు. అయితే అసలు ట్రక్కునే ముట్టుకోను. గడ్డి కోసే మిషన్‌ది బ్యాటరీ ఉందిగా, 12 వోల్టులది?

మేనల్లుడు: ఉంది. ఏం చేస్తావు?

మేనమామ: ట్రైలర్‌ని ట్రక్కు వెనక తగిలించే హిచ్ బాలు మీంచి దించి పక్కకి నెట్టు. ప్లగ్గులో తెల్ల వైరుకి బ్యాటరీ మైనస్ ఇస్తాం. ప్లస్ వైరులో మధ్యన 10 ఆంపుల ఫ్యూజు పెట్టి, ఒక్కో పిన్నుకీ అందించి చూస్తాం. ట్రక్కు ఊసే లేదు, నీ కంప్యూటరుకి భయమూ లేదు. ట్రైలర్‌లో తప్పుంటే ఇక్కడే బయటపడుతుంది. పడకపోతే ట్రక్కు వైపు చూస్తాం.

మేనల్లుడు: బాలు మీంచి దించడం దేనికి? తగిలించి ఉంచే చూడొచ్చుగా.

మేనమామ: అదే చాలామంది పొరపడే చోటు. ఇనుప బాలు మీద ఇనుప కప్పు కూచుంటుంది. తెల్ల వైరు తెగిపోయినా కరెంటు ఆ బాలు గుండా ట్రక్కు బాడీలోకి పోతుంది. వాకిట్లో చూస్తే అన్నీ వెలుగుతాయి. రోడ్డెక్కి నాలుగు గతుకులు తగిలాక, బాలు మీద గ్రీజు ఉంటే మరీనూ, ఒకసారి వెలిగి ఒకసారి ఆరిపోతాయి. బాలు ఉన్నది బరువు లాగడానికి, ఎర్త్ ఇవ్వడానికి కాదు.

మేనల్లుడు: బాగుంది. రంగులు నేను చెప్తా. ఇక్కడి నాలుగు పిన్నుల ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమ రంగు పార్కింగ్ లైట్లు, పసుపు ఎడమ పక్కది, ఆకుపచ్చ కుడి పక్కది.

మేనమామ: బ్రేకు వైరు ఏది? ఇండికేటరుది ఏది?

మేనల్లుడు: రెండిటికీ ఒకటే. అమెరికాలో వెనక ఇండికేటరు ఎర్రగా ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. అందుకని ఈ ట్రైలర్లలో బ్రేకూ ఇండికేటరూ ఒకే ఫిలమెంటు. రెండు పక్కలా కలిసి వెలిగితే బ్రేకు, ఒక పక్క ఆరి వెలుగుతుంటే ఇండికేటరు. కాషాయ రంగు ఇండికేటరు వేరేగా ఉన్న బండికి ఈ ట్రైలర్ కట్టాలంటే, రెండిటినీ కలిపే కన్వర్టర్ డబ్బా మధ్యలో పెట్టాలి. నా ట్రక్కుకి అది అక్కర్లేదు.

మేనమామ: మన దగ్గర ఇండికేటరు బల్బు వేరు. నాలుగు వైర్లతో ఎలా సరిపెట్టారా అనుకున్నా, ఇదన్నమాట కిటుకు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఈ ట్రైలర్ నీకంటే ముందు ఎవరి దగ్గర ఉందో, వాళ్లు మధ్యలో ఏ రంగుకి ఏ రంగు ముడేశారో మనకి తెలీదు. రంగు చూసి మొదలుపెట్టు, బల్బు వెలిగాకే నమ్ము.

మేనల్లుడు: నా అనుమానమూ అదే. రెండు వైర్లు ఎక్కడో కలిసిపోయాయి. లేకపోతే బ్రేకు తొక్కితే లైటు ఆరిపోవడమేంటి? ఇంకోటి కూడా ఉంది. పార్కింగ్ లైట్లు ఆపి ఎడమ ఇండికేటరు వేస్తే, కుడి పక్క పార్కింగ్ లైటు సన్నగా మినుకుమంటోంది. ఎడమకీ కుడికీ సంబంధం లేనప్పుడు అదెలా జరుగుతుంది? వైరింగ్ మొత్తం గందరగోళమైందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మేనమామ: ఆ రెండు గుర్తులూ చెప్పాక నాకు అనుమానమే లేదు. వైర్లు కలవలేదు. ఎడమ లైటుకి ఎర్త్ చచ్చింది.

మేనల్లుడు: ఎర్త్ పోతే వెలగకూడదు కదా. మసకగా ఎందుకు వెలుగుతుంది?

మేనమామ: పూర్తిగా పోలేదు, తుప్పు పట్టింది. బల్బు ఊడదీసి చూడు. లోపల రెండు ఫిలమెంట్లున్నాయి, ఒకటి సన్నది, ఒకటి లావుది.

మేనల్లుడు: 1157 నంబరు బల్బు. పార్కింగ్‌కి 8 వాట్లు, బ్రేకుకి 27 వాట్లు.

మేనమామ: మన 21/5 బల్బులాంటిదే. రెండు ఫిలమెంట్లకీ కరెంటు వచ్చే దారులు వేరు, తిరిగి పోయే దారి మాత్రం ఒకటే. బల్బు ఇత్తడి కప్పు నుంచి హోల్డరుకి, హోల్డరు నుంచి లైటు డబ్బాకి, డబ్బా వెనకున్న బోల్టు గుండా ట్రైలర్ ఫ్రేముకి, ఫ్రేము నుంచి ముందున్న తెల్ల వైరుకి. బోల్టు తుప్పు పట్టింది. ఆ తుప్పు 20 ఓములు అడ్డం పడుతోందనుకో. నువ్వు ఇంజనీరువి, లెక్క కట్టు.

మేనల్లుడు: వెలుగుతున్నప్పుడు పార్కింగ్ ఫిలమెంటు దాదాపు 24 ఓములు ఉంటుంది. 20 ఓముల తుప్పుతో వరసగా కలిస్తే 12 వోల్టుల్లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే బల్బుకి దక్కుతుంది. అందుకే మసక. బ్రేకు ఫిలమెంటు సుమారు 6 ఓములు. రెండూ కలిసి వెలగాలంటే జంటగా 5 ఓములు. అదే 20 ఓముల తుప్పు గుండా పోవాలి... బల్బుకి రెండున్నర వోల్టులు కూడా మిగలవు. అంటే రెండు ఫిలమెంట్లూ చచ్చినట్టే!

మేనమామ: బ్రేకు తొక్కితే ఆరిపోవడం అదే. సన్న ఫిలమెంటుకి సరిపోయిన ఇరుకు దారి, లావుది కూడా వచ్చేసరికి ఇద్దరికీ చాల్లేదు. ఇక రెండో గుర్తు. ఎడమ ఇండికేటరు వేశావు. కరెంటు లావు ఫిలమెంటు దాటి డబ్బాలోకి వచ్చింది. బోల్టు దగ్గర దారి సరిగ్గా లేదు. ఏం చేస్తుంది? సన్న ఫిలమెంటు గుండా వెనక్కి ఎక్కి, గోధుమ రంగు వైరు పట్టుకుని, కుడి పక్క పార్కింగ్ ఫిలమెంటులోంచి అక్కడి ఎర్త్‌కి దిగుతుంది. కుడిది మినుకుమంటున్నది అందుకే. కరెంటు ఏదో ఒక దారిన తిరిగి ఇల్లు చేరాలి. సొంత దారి మూస్తే పక్కవాడి పెరట్లోంచి పోతుంది.

మేనల్లుడు: కాగితం మీద బాగానే ఉంది. కానీ నిన్న నేను మీటరు పెట్టి చూశాను మావయ్యా. ఎడమ హోల్డరులో ప్లస్ కాంటాక్టుకీ డబ్బాకీ మధ్య 12 వోల్టులు చూపించింది. ఎర్త్ చెడితే అంత చూపించదు కదా?

మేనమామ: బల్బు పెట్టి చూశావా, తీసి చూశావా?

మేనల్లుడు: తీసి. బల్బుంటే కాంటాక్టు అందదు.

మేనమామ: ఆ మీటరు లోపలి రెసిస్టెన్సు ఎంత?

మేనల్లుడు: 10 మెగా ఓములు. అంటే కోటి ఓములు... ఓహో.

మేనమామ: కోటి ఓముల ముందు 20 ఓముల తుప్పు ఓ లెక్కా? వైరు లోపల పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా మీటరుకి నిండుగా 12 కనిపిస్తుంది. లోడు లేకుండా వోల్టేజి చూడ్డమే తప్పు. అందుకే మేం టెస్ట్ ల్యాంపు వదలం, అది కాస్తయినా కరెంటు తాగుతుంది. మీటరు వాడాలంటే బల్బు పెట్టి, కరెంటు ఇచ్చి, ఎర్త్ వైపు చూడు. నల్ల తీగ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర తీగ ఎడమ లైటు డబ్బా మీద పెట్టు. గోధుమ వైరుకీ పసుపు వైరుకీ కలిపి ప్లస్ ఇస్తున్నా. ఎంత చూపిస్తోంది?

మేనల్లుడు: తొమ్మిది దాటింది.

మేనమామ: కుడి డబ్బా మీద పెట్టు. ఇప్పుడు ఆకుపచ్చకిస్తున్నా.

మేనల్లుడు: సున్నా పాయింట్ రెండు.

మేనమామ: ఎర్త్ అన్న చోట ఉండాల్సింది ఆ పాయింట్ రెండే. అర వోల్టు దాటితే అనుమానించాలి. నీకు తొమ్మిదొచ్చింది. ఇంకా నమ్మకం కుదరకపోతే, బ్యాటరీ మైనస్ నుంచి ఎడమ డబ్బాకి ఓ వైరు ముక్క ఆనించు.

మేనల్లుడు: రెండు ఫిలమెంట్లూ నిండుగా వెలిగాయి. ఒప్పుకున్నాను మావయ్యా, తప్పు ట్రైలర్‌లోనే ఉంది, ఎడమ బోల్టు దగ్గరే ఉంది. అయినా కొత్త లైట్లు వేయడమే మంచిదని నా వాదన.

మేనమామ: ఇంకా?

మేనల్లుడు: విను. ఆ బోల్టు గీకి బిగిస్తావు. వచ్చే వర్షాకాలానికి మళ్లీ తుప్పు పడుతుంది. డిజైన్‌లోనే లోపం ఉంది: రంగు వేసిన ఇనుప ఫ్రేముని వైరులా వాడుకోవడం. ఎల్ఈడీ లైట్లు చాలావరకు సీల్ చేసి వస్తాయి, నీళ్లు లోపలికి పోవు, ఎర్త్‌కి సొంత వైరు ఉంటుంది. పడవల ట్రైలర్లకి మరీ మంచిది. మామూలు బల్బులైతే పడవని చెరువులోకి దించే ముందు ప్లగ్గు పీకేయాలి, లేకపోతే వేడి బల్బుకి చన్నీళ్లు తగిలి పగులుతుంది.

మేనమామ: ఎర్త్‌కి సొంత వైరు అన్నావు చూడు, అది వంద మార్కుల మాట. కానీ కిట్ కొన్నవాళ్లు ఆ వైరుని ఏం చేస్తారు? పక్కనే ఉన్న ఫ్రేముకి, రంగు మీదే, స్క్రూ బిగించి చేతులు దులుపుకుంటారు. మళ్లీ మొదటికే వచ్చింది కథ. పైగా ఎల్ఈడీ తాగే కరెంటు తక్కువ గనక సగం చెడిన ఎర్త్ మీద కూడా వెలుగుతుంది. జబ్బు ముదిరేదాకా నీకు తెలీనే తెలీదు.

మేనల్లుడు: ఎల్ఈడీతో ఇంకో తంటా ఉంది, అది నేనే చెప్తాను. కరెంటు మరీ తక్కువ లాగుతుంది కాబట్టి కొన్ని ట్రక్కులు ట్రైలర్ తగిలించారనే గుర్తించవు. కొన్ని ట్రక్కులు కరెంటుని తునకలు తునకలుగా పంపిస్తాయి. మామూలు బల్బు వేడెక్కి ఉంటుంది కాబట్టి తేడా కనపడదు, ఎల్ఈడీ మాత్రం రెపరెపలాడుతుంది. దాన్ని చూసి వైరింగ్ పోయిందనుకునేవాళ్లూ ఉన్నారు.

మేనమామ: చూశావా, కొత్త వస్తువు కొత్త తంటా తెస్తుంది. ఆ పెట్టెలో క్లిప్పులు కూడా ఇస్తారన్నావు. ఎలాంటివి?

మేనల్లుడు: వైరు మధ్యలో పెట్టి ప్లయర్‌తో నొక్కితే చాలు, లోపలి రేకు ఇన్సులేషన్ కోసుకుని రాగికి తగులుతుంది. వైరు కత్తిరించే పనే లేదు.

మేనమామ: కోసిన ఆ గాటులోంచే నీళ్లు దూరతాయి. ఇంట్లో స్పీకర్లకి వాడుకో, చక్రాల పక్కన చినుకులు కొట్టే చోట వద్దు. లోపల జిగురున్న హీట్ ష్రింక్ కనెక్టర్లు తెచ్చి, సరిగ్గా క్రింప్ చేసి, వేడి పెట్టి మూసెయ్. ఊడిపోయే ఇన్సులేషన్ టేపు కూడా వద్దు.

మేనల్లుడు: అది ఒప్పుకుంటాను. మరి నువ్వూ ఒకటి ఒప్పుకోవాలి. ఆ పసుపు వైరు ఇన్సులేషన్ కొంచెం ఒలిచి చూడు.

మేనమామ: నల్లబడింది.

మేనల్లుడు: ఇంకో జానెడు లోపల చూడు.

మేనమామ: అక్కడా నలుపే. చిలుము లోపలికంటా పాకింది. దీనికి ఎక్కడ జాయింటు వేసినా పట్టదు. సరే, ఇలా ఉంటే వైరు మార్చాల్సిందే. నాలుగు చోట్ల అతుకులేసే కంటే కొత్త వైరే మేలు. నేను కాదన్నది మార్చడాన్ని కాదు, చూడకుండా మార్చడాన్ని.

మేనల్లుడు: అయితే రాజీ. కొత్త వైరింగ్ వేస్తాం, నా మాట నెగ్గింది. తెల్ల వైరుని ఫ్రేముకి అప్పగించకుండా రెండు లైట్ల దాకా విడిగా లాగి, ముందు ప్లగ్గు దగ్గర కలుపుతాం. ముందు భాగంలో ఫ్రేముకి కూడా ఒక చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీద పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు రాస్తాం. అది నీ మాట.

మేనమామ: అలా చేస్తే ట్రైలర్ నీ పిల్లల కాలం దాకా వెలుగుతుంది. ట్రక్కు సాకెట్ కూడా ఒకసారి చూసెయ్. ఒక 1157 బల్బుకి రెండు వైర్లు అతికించి, ఒకటి సాకెట్‌లోని ఎర్త్ పిన్నుకే పెట్టు, బంపరుకి కాదు. బంపరుకి పెడితే సాకెట్ ఎర్త్ చచ్చినా బల్బు వెలిగి నిన్ను మోసం చేస్తుంది. ట్రైలర్‌లో ఉండే బల్బే కనుక, ఆ లోడుకి నీ కంప్యూటరుకి కోపం రాదు.

మేనల్లుడు: ఇదంతా చూసి ముద్ర వేయడానికి ఇప్పుడు ఎవరూ లేరు తెలుసా? టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకి ఏటేటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేశారు. లైట్లు సరిగ్గా ఉండాలన్న చట్టం మాత్రం అలాగే ఉంది. వెలగకపోతే పోలీసులు ఆపుతారు, ఎవరైనా వెనక నుంచి గుద్దితే బాధ్యత నా మెడకి చుట్టుకుంటుంది.

మేనమామ: మన ఊళ్లో రాత్రిపూట లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీని గుద్దేసిన వాళ్లు ఎంతమందో నాకు తెలుసు. రేడియం స్టిక్కరు అంటించి చాల్లే అనుకుంటారు. ముందు బండి బ్రేకు వేసిందని స్టిక్కరు చెప్పదు. తనిఖీ లేకపోతే నువ్వే తనిఖీ అధికారివి. బయల్దేరే ముందు నన్ను వెనక నిలబెట్టి పార్కింగ్, ఎడమ, కుడి, బ్రేకు వరసగా వేసి చూపించు. పార్కింగ్ వేసి ఉండగానే బ్రేకు తొక్కు, చచ్చిన ఎర్త్ అప్పుడే దొరుకుతుంది.

ఇద్దరి వాదనలోనూ పస ఉంది. కొత్త బళ్లలో కంప్యూటరు ఉందని మేనల్లుడు జాగ్రత్తపడటం సబబే, నల్లబడ్డ రాగిని మార్చాలనడమూ సబబే. అయితే పని ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో తీర్పు మేనమామకే. ట్రైలర్ ఉన్నవాళ్లకి ఒక్క మాట: లైటు మసకబారినా, ఒక పక్కది వేస్తే ఇంకో పక్కది మినుకుమన్నా, కొట్టుకి పరిగెత్తకండి. బ్యాటరీ మైనస్ నుంచి లైటు డబ్బాకి ఒక వైరు ముక్క ఆనించి చూడండి. నిండుగా వెలిగిందంటే మీరు బాగుచేయాల్సింది ఎర్త్. వెలగకపోతే అప్పుడు వైరు సంగతి చూడండి.